తొట్లమ్మ నీడ

పన్నెండు వేల చేపపిల్లల్ని సరస్సులోకి వదిలి పావుగంట కూడా కాలేదు, నీటికాకులు దిగిపోయాయి. దిగడమంటే ఒకటీ రెండూ కాదు, నాలుగు వందలకు పైమాటే. ఎవరో పిలుపు పంపినట్టు, సరస్సు నడుమ ఉన్న దిబ్బ మీంచి నల్లగా బారులు తీరి వచ్చాయి. రేవు చుట్టూ వాలి, మునిగేది మునుగుతోంది, మింగేది మింగుతోంది. రేవు చెక్కల మీద ఖాళీ పీపా పట్టుకుని నిలబడ్డ తొట్లమ్మ గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయింది. చూడక ఏం చేస్తుంది పాపం? రాయి విసరడానికి కూడా వీల్లేదు. అవి చట్టం కాపాడే పక్షులు.

ఆమె తమ్ముడు పడవ మీంచి తెడ్డుతో నీళ్ళు బాదాడు, హారన్ మోగించాడు, గొంతు పోయేదాకా అరిచాడు. పక్షులు రెండు బారలు అవతలికి జరిగి మళ్ళీ తమ పని చూసుకున్నాయి. అతను పడవ రేవుకి కట్టి, అక్క మొహం చూసి, తిట్లు సగంలోనే మింగేశాడు. తొట్టిలో ఇంకా ఎనిమిది వేలు మిగిలాయి కదా అన్నాడు. మిగిలాయి, నిజమే. అవే ఆఖరివి.

ఆఖరివి అని ఊరికే అనడం లేదు. చేపల కేంద్రం గోడకి పైఆఫీసు వాళ్ళు పంపిన ఉత్తరం అంటించి ఉంది. ఆకులు రాలే కాలంలో సరస్సులో మూడు రోజులు లెక్కల వల వేస్తారు. ఇక్కడ పెంచి వదిలిన పిల్లలకి గుర్తు కోసం పొట్ట కింద ఎడమ రెక్క కత్తిరిస్తారు. అలాంటి గుర్తున్న చేపలు ఈసారి వంద పడాలి. పడకపోతే కేంద్రం మూత. పోయిన పదేళ్ళలో పడ్డవన్నీ కలిపినా పట్టుమని ముప్పై లేవు. ఇంకేం ఆశ పెట్టుకుంటారు చెప్పండి.

ఆ చేప పేరు నల్లగీత. ఒంటి పొడవునా సిరా గీసినట్టు ఒకే గీత ఉంటుంది. తొట్లమ్మ తండ్రి కాలంలో వల వేస్తే ఎత్తడానికి నలుగురు కావలసి వచ్చేదట. తర్వాత పైన ఆనకట్ట కట్టారు, కింద అడ్డూ అదుపూ లేకుండా వలలు వేశారు, నల్లగీత అడుగంటిపోయింది. ఆ తండ్రి వల చుట్టి అటక మీద పెట్టేసిన ఏడాదే ఈ కేంద్రం తెరిచారు. తొట్లు కడిగే పనికి ఇరవై మూడేళ్ళ కూతురు చేరింది. ఆమెకో పేరుంది, గుర్తింపు కార్డు మీద. ఆ కార్డు చూసిన పుణ్యాత్ముడు లేడు. ముప్పయ్యేళ్ళుగా ఊరందరికీ తొట్లమ్మే.

నీటికాకుల కథా మొదట్లో అలాంటిదే. ఒకప్పుడు వాటినీ వేటాడి వేటాడి ఆనవాలు లేకుండా చేశారు. అప్పుడు చట్టం వచ్చింది, అవి బతికాయి. బతికి ఊరుకున్నాయా? దిబ్బ మీద చెట్లన్నీ వాటి రెట్టలకు మాడిపోయి, ఇప్పుడు నేల మీదే రెండు వేల గూళ్ళు. తిట్టిపోయడానికి ఎదురుగా శత్రువు ఉంటే మనిషికి ఎంత హాయో! తమ్ముడైతే పొద్దున లేచి మొహం కడుక్కోకముందే వాటిని తిట్టేవాడు. ఐదు వందల పక్షుల్ని కాల్చడానికి అనుమతి ఇమ్మని పడవల సంఘం తరఫున అర్జీ పెట్టింది అతనే. విచారణ ఇంకో పది రోజుల్లో ఉంది.

దాని మీద నివేదిక రాయడానికే ఒకావిడ వచ్చి కేంద్రం మేడగదిలో మకాం పెట్టింది. చిన్న వయసు, మెడలో దుర్భిణి, సంచిలో పుస్తకాలు. అందరూ పక్షులావిడ అనేవారు. తమ్ముడు మాత్రం పక్షుల వకీలు అనేవాడు, ఆవిడకి వినబడేలాగే. ఆవిడ మాత్రం ముక్కుసూటి మనిషి. పక్షులు మితిమీరాయన్న మాట మొదటి రోజే ఒప్పుకుంది. కాల్పులు వద్దు, ముందు గుడ్లకి నూనె రాద్దాం, మూడు వందల గూళ్ళకి అనుమతి నా చేతిలోనే ఉంది అంది. నూనె పూసిన గుడ్డుకి గాలి ఆడదు, పిల్ల కాదు. గుడ్డు పగలగొడితే తల్లి మళ్ళీ పెడుతుంది. నూనె రాస్తే పాపం తెలియక పొదుగుతూనే ఉంటుంది. చెయ్యి వణకని మనిషి ఒకరు తోడు కావాలంటే తొట్లమ్మ సరేనంది.

చేపల్ని వదిలిన మూడో రోజు తమ్ముడి పడవలోనే ముగ్గురూ దిబ్బ చేరారు. కాలు పెట్టారో లేదో ఆకాశం నల్లబడిపోయింది. వేల రెక్కలు, ఒకటే రొద, ఒకటే కంపు. తొట్లమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని, నడుం వంచి, గూడు గూడుకీ వెళ్ళి, సుద్దరంగు గుడ్లను ఒక్కొక్కటీ తిప్పి కుంచెతో నూనె రాసింది. పక్కకి తప్పుకోగానే తల్లి వచ్చి రెక్కలు సర్దుకుని గుడ్ల మీద కూర్చునేది. అలా కూర్చున్న ప్రతిసారీ ఆమెకి మనసు కలుక్కుమంది. అయినా చెయ్యి ఆపలేదు. నా పిల్లల్ని మింగినప్పుడు నీకు కలుక్కుమందా అని ఒకదాన్ని అడిగేసింది కూడా.

బెదిరిన నీటికాకి ఒళ్ళు తేలిక చేసుకుని ఎగరడానికి మింగింది కక్కేస్తుంది. ఒకటి సరిగ్గా తొట్లమ్మ కాళ్ళ ముందే కక్కి ఎగిరిపోయింది. ఏడు చేపలు. ఆమె కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూసింది. ఏడింటికీ ఎడమ పొట్టరెక్క లేదు. అవతల ఇంకో పక్షి కక్కింది, ఐదు. ఐదూ అవే. ఆ రెక్కల్ని కత్తిరించింది ఆమే, తడిగుడ్డలో పెట్టుకుని, నొప్పి తెలియకుండా చూసుకుని.

తమ్ముడు ఒంటికాలి మీద లేచాడు. సాక్ష్యం దొరికింది, ఇక ఎవడు ఆపుతాడో చూస్తానని వాటన్నిటినీ ఏరి సీసాలో వేసి కుళ్ళకుండా మందునీళ్ళు పోయించాడు. పక్షులావిడ మాత్రం సీసాని వెలుతురుకి పెట్టి అటూ ఇటూ తిప్పింది. సరస్సునిండా వేరే చిన్నచేపలు కోకొల్లలు, మామూలు రోజుల్లో ఈ పక్షులు కక్కేవి అవే అంది.

"మీరు వదిలిన వారంలో మాత్రం వేరే చేప ఒక్కటీ ఉండదమ్మా. ఏరి మరీ మీవే తింటున్నాయి. ఎందుకో నాకు అంతుబట్టడం లేదు."

అక్క పెంచినవి కొవ్వు పట్టి రుచిగా ఉంటాయిలే అని తమ్ముడు వెటకారం చేశాడు. తొట్లమ్మ కూడా నవ్వేసి ఊరుకుంది. ఆ నవ్వు సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

సాయంత్రం మేత వేళకి ఎప్పటిలాగే తొట్ల గదిలోకి వెళ్ళింది. పైకప్పుకి అద్దం పలకలు, కింద సిమెంటు తొట్టి, అందులో ఆ ఎనిమిది వేలు. మేత వేసే యంత్రం ఒకటి కేంద్రం తెరిచిన మూడో నెల్లోనే పాడైపోయింది. బాగుచేయించే నాథుడు లేక ఆమె చేత్తో వేయడం మొదలుపెట్టింది. అలా వేస్తే పిల్లలు తక్కువ చచ్చిపోతున్నాయని పైవాళ్ళు మెచ్చుకున్నారు, అదే పద్ధతయిపోయింది. రేకు డబ్బాతో తొట్టి అంచు మీద మూడు దెబ్బలు కొడుతుంది. నీళ్ళ మీదికి వంగుతుంది. తన నీడ పడేసరికి పిల్లలన్నీ పొలోమని పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. బడిపిల్లల్ని తీసుకొచ్చి మరీ చూపించేవారు. ఎంత మచ్చికో చూడండి అని పంతుళ్ళు చప్పట్లు కొట్టించేవారు. తొట్లమ్మకి ఆ రోజంతా నేల మీద కాలు ఆనేది కాదు.

ఆ సాయంత్రం డబ్బా కొట్టడం మరిచిపోయింది. మనసు దిబ్బ మీదే ఉంది. ఊరికే వంగింది. నీడ పడింది. ఎనిమిది వేల పిల్లలూ పైకి లేచాయి.

వంగినది వంగినట్టే ఉండిపోయింది. గోడకి తగిలించిన నల్లగొడుగు తీసుకుని, తాను గోడ చాటున నిలబడి, గొడుగు విప్పి నీళ్ళ మీదికి చాపింది. గొడుగు నీడ కిందికి పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చి నోళ్ళు తెరిచాయి. తొట్టి గట్టున కూలబడి, అమ్మో, నేను ఎంత పని చేశాను అనుకుంది. ముప్పయ్యేళ్ళ పిల్లలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. సరస్సులో మొదటి పక్షి నీడ పడగానే, మేత వచ్చిందని ఆనందంగా పైకి వచ్చిన పిల్లలు.

ఇది ఎవరితో చెప్పుకునేది? తమ్ముడితో చెబితే అర్జీ పోతుంది, సంఘంలో అతని పరువు పోతుంది. పక్షులావిడతో చెబితే నివేదికలోకెక్కుతుంది. నోరు మూసుకుంటే పక్షుల మీద పడ్డ నింద పక్షుల మీదే ఉంటుంది, ఎవరూ వేలెత్తి చూపరు. నోరు మూసుకుంది. అబద్ధం చెప్పలేదు కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది కూడా.

కానీ ఆ ఎనిమిది వేలని అలా వదలలేదు. మర్నాటి నుంచి తొట్ల గది తలుపు లోపల గడియ పడింది. కర్రకి నల్లగుడ్డ కట్టి తొట్టి మీద ఆడించేది. పైకి వచ్చిన పిల్లల్ని అదే కర్రతో కొట్టేది. అవును, కొట్టేది. నీళ్ళు చరిచేది, పొడిచేది, తరిమేది. కళ్ళలో పెట్టుకుని పెంచిన పిల్లల్ని తన చేత్తో అదిలిస్తుంటే ఏడుపు ఆగేది కాదు. ఏడుస్తూనే కొట్టేది. మేత వేయడానికి వంగితే చేసిన పనంతా వృథా. అందుకని చీకటి మూల నుంచి నీళ్ళ అడుక్కి మేత జారవిడవాలని చూసేది. సగం పైకి తేలిపోయేది.

ఆమె భర్త కేంద్రంలోనే పంపు చూస్తాడు. మాట పొదుపరి, ఎగతాళికి మాత్రం లోటుండదు. ఎనిమిది వేల మందికి తల్లివి, నాకు భోజనం ఎప్పుడు పెడతావని రోజూ అడిగే మనిషి. నాలుగో రోజు కిటికీలోంచి చూసి, ఏమిటి, పిల్లల్ని కొడుతున్నావా అన్నాడు. అంతే, ఆమె భోరుమంది. మొత్తం చెప్పేసింది. అతను ఎగతాళి చేయలేదు, సలహా కూడా ఇవ్వలేదు. మర్నాడు చూస్తే మేత డబ్బా నుంచి తొట్టి అడుగు దాకా ఒక గొట్టం బిగించి ఉంది. మేత ఇప్పుడు నేరుగా అడుక్కే పోతోంది, మనిషి నీడతో పని లేదు.

విచారణ రోజు రానే వచ్చింది. ఆఫీసు హాల్లో పొడుగాటి బల్ల, బల్ల వెనక పెద్దాఫీసరు, బల్ల మీద తమ్ముడి సీసా. వెనక కుర్చీల నిండా పడవల వాళ్ళు. తమ్ముడు బాగా మాట్లాడాడు. తండ్రి అటకెక్కించిన వల గురించి చెబుతుంటే వెనక ఎవరో ముక్కు చీదారు. పక్షులావిడ లేచి పక్షులు ఎక్కువైన మాట నిజమంది, అవి వదిలిన చేపల్నే తింటున్న మాటా నిజమంది, కారణం మాత్రం తనకి తెలియదని ఒప్పుకుంది. పెద్దాఫీసరు కళ్ళజోడు తీసి తొట్లమ్మ వైపు తిరిగి, పెంచింది మీరే కదా, మీకేమైనా తెలుసా అన్నాడు.

తెలీదండీ అంటే చాలు. ఒక్క మాట. తమ్ముడు ధీమాగా చూస్తున్నాడు, అక్క తనవైపే కదా. ఆమె సీసా వైపు చూసింది. ఐదు వందల పక్షుల్ని కాలిస్తే మిగతావి మూడున్నర వేలు. వాటి నీడ పడినా పిల్లలు పైకే వస్తాయి. తాను రేపు పోయాక ఈ పనికి వచ్చే మనిషి కూడా రేకు డబ్బా పట్టుకుని ఇలాగే వంగుతుంది. అది తలచుకునేసరికి నోరు దానంతట అదే తెరుచుకుంది.

"నేనే నేర్పానండీ. నీడ పడితే పైకి రమ్మని ముప్పయ్యేళ్ళ నుంచీ నేనే నేర్పాను. పక్షి వచ్చినా నేనొచ్చాననుకుంటున్నాయి."

ఆమె డబ్బా దెబ్బల దగ్గర నుంచి గొడుగు దాకా అంతా చెప్పింది, పొల్లు పోకుండా. చెబుతూ తమ్ముడి వైపు చూడలేదు. అతనే లేచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. అరుస్తాడనుకున్నారు అందరూ. గొంతు కూడా పెంచలేదు.

"ఇన్నేళ్ళూ నాచేత పక్షుల్ని తిట్టించావు కదక్కా."

సీసా బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. పడవల వాళ్ళు ఒక్కొక్కరే వెనకాల వెళ్ళారు. కొందరు ఆమె వైపు చూసిన చూపుకి తల కొట్టేసినట్టయింది. పెద్దాఫీసరు కాల్పుల అర్జీ లెక్కల వల పడేదాకా పక్కన పెట్టాడు. పక్షులు ఎక్కువగానే ఉన్నాయి కాబట్టి గుడ్ల నూనె ఇంకో మూడు వందల గూళ్ళకి పెంచాడు. కేంద్రం సంగతిలో మాత్రం మార్పు లేదు. వంద పడాలి, లేకపోతే మూత.

ఇక అన్నీ ఆ ఎనిమిది వేల మీదే. పన్నెండో రోజుకి నల్లగుడ్డ పడగానే సగం పారిపోవడం నేర్చాయి. పదిహేడో రోజుకి ఓ పాతిక తప్ప అన్నీ నేర్చాయి. ఆ పాతికలో ఒకటి మరీ మొండిది, ఎంత కొట్టినా మళ్ళీ పైకి వచ్చి నోరు తెరిచేది. నీకేం పోయేకాలమే అని దాన్ని తిట్టిపోసింది. ఇరవయ్యో రోజున అది కూడా అడుక్కి పోయింది. ఆ పూట తొట్లమ్మకి ముద్ద దిగలేదు.

వదిలే రోజు పొద్దున్నే పీపాలు రేవుకి చేరాయి. లోతు నీళ్ళలో వదలాలి, దానికి పడవ కావాలి. తమ్ముడు రెండు వారాలుగా మాట్లాడటం లేదు. వస్తాడో రాడో తెలియక ఆమె ప్రాణం గిలగిల్లాడింది. ఎండ చెక్కల మీదికి పాకే వేళకి పడవ చప్పుడు వినిపించింది. వచ్చాడు. అక్క వైపు చూడకుండా బావతో, ఎక్కమను, ఎండెక్కుతోంది అన్నాడు.

నడి సరస్సులో పీపాలు నీళ్ళకి ఆనించి మెల్లగా వంచారు. తొట్లమ్మ పడవ అడుగున కూలబడి, నీడ పడకుండా తల దించుకుని ఉంది. నల్లబార్లు రానే వచ్చాయి. రెక్కల చప్పుడు నెత్తి మీదికి వచ్చింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. నీళ్ళ మీద ఒక్క చేపైనా తుళ్ళిన చప్పుడు కోసం వింటూ, వినబడకూడదని కోరుకుంటూ. తెరిచి చూసేసరికి నీటి మీద ఏమీ లేదు, పక్షుల నీడలు తప్ప. పక్షులు మునిగాయి, తేలాయి, మళ్ళీ మునిగాయి. కొన్ని ముక్కుల్లో వెండిరంగు మెరిసింది. తమ్ముడు వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. పంతొమ్మిది దగ్గర ఆగింది. అరగంటకి విసుగెత్తి బార్లు వేరే చోటికి పోయాయి. అతను పడవ తిప్పాడు. ఆ పంతొమ్మిదీ కంటికి కనబడ్డవి. కనబడనివి ఎన్నో ఎవరికి తెలుసు?

వేసవంతా ఆ ప్రశ్నే ఆమెను తొలిచింది. ఆకులు రాలాయి, లెక్కల వల దిగింది. మొదటి రోజు గుర్తున్న చేపలు పద్దెనిమిది. రెండో రోజు ముప్పై ఒకటి. రెండూ కలిపితే నలభై తొమ్మిది. మూడో రోజు తొట్లమ్మ రేవుకి వెళ్ళలేదు. గుండె ఆగిపోయేలా ఉంది, నా వల్ల కాదు అని తొట్ల గదిలో దూరి, కడిగిన తొట్టినే మళ్ళీ కడుగుతూ కూర్చుంది. ఇక ఇందులో నీళ్ళు పడతాయో పడవో అనుకుంటూ మూలమూలా బ్రష్షుతో రుద్దింది.

సాయంత్రం తలుపు దగ్గర తమ్ముడు నిలబడ్డాడు. ఒళ్ళంతా తడి, చేతిలో బకెట్టు. అతనే చెప్పాడు, ఐదు నెలల తర్వాత మొదటిసారి తిన్నగా ఆమెతోనే.

"మొత్తం నూట ఇరవై ఆరక్కా."

బ్రష్షు చేతిలోంచి జారిపోయింది. అతను బకెట్టు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. సరస్సుకి తిరిగి వదిలే ముందు నీకు చూపిద్దామని అడిగి తెచ్చానన్నాడు. ఆమె వంగింది. జానెడు దాటిన నల్లగీత, ఎడమ పొట్టరెక్క లేదు, ఒంటి మీద గీత నిగనిగలాడుతోంది. ఆమె నీడ నీళ్ళ మీద పడిందో లేదో, చేప బెదిరి, నీళ్ళు ఆమె మొహాన చిమ్మి, అడుక్కి పోయి బకెట్టు అంచుకి నక్కింది.

"నిన్ను చూసి పారిపోతోందే" అన్నాడు తమ్ముడు.

"పారిపోనీరా" అంది తొట్లమ్మ. మొహం మీది నీళ్ళని మోచేత్తో తుడుచుకుంది, అందులో ఏవి చేపవో ఏవి తనవో ఆమెకే తెలియాలి.

ఇద్దరూ బకెట్టు చెరోవైపు పట్టుకుని రేవుకి నడిచారు. వదలవే అని తమ్ముడు పక్కకి జరిగాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నువ్వే వదులు అని, తన నీడ నీళ్ళ మీద పడకుండా రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది.